సముద్రానికి వియ్యపురాలు

ఈ ఏడాది ఆరో తరగతికి సముద్రాల పాఠం మొదలుపెట్టాను. "మహాసముద్రంలో నేలను ఆనుకుని ఉండే భాగాన్ని సముద్రం అంటారు" అని చెప్పి, అలవాటు కొద్దీ కిటికీ వైపు చూశాను. కిటికీలో ఎవరూ లేరు. ఉండటానికి వీల్లేదు కూడా. ఇది విజయనగరం పక్కన పల్లపు ఊరి బడి. నేను వెతికిన కిటికీ అరకు దారిలో టైడా పైన, ఇంతకుముందు నేను పనిచేసిన కొండమీది బడిలో ఉంది. అందులోంచి తొంగి చూడవలసిన మనిషి పోయిన వేసవిలో చనిపోయింది. నేను మాట్లాడకుండా నిలబడిపోయేసరికి పిల్లలు పాఠం అయిపోయిందనుకుని పుస్తకాలు మూసేశారు. నేనూ తెరవమనలేదు.

ఆవిడ ఆ ఊరందరికీ మామ్మ. నాకూ మామ్మే. మా బడి వరండాలో ఎండ బాగా పడుతుందని మిరియాలు ఆరబోసుకోవడానికి వచ్చేది. బడి వరండా మిరియాల కోసం కట్టింది కాదని మా హెడ్మాస్టారు ఒకటి రెండుసార్లు చెప్పి చూశారు. "మిరియాలు అల్లరి సెయ్యవు బాబూ, పాఠం ఇంటాయి" అని ఆవిడ చాప పరిచేసింది. ఆ తర్వాత ఆయన కూడా మిరియాలు దాటుకుంటూ నడవడం నేర్చుకున్నారు.

చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. అడ్డపొగ మా వైపు ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు, మా నాయనమ్మా అలాగే కాల్చేది. అందుకేనేమో ఆవిడ పక్కన కూర్చుంటే నాకు పుట్టింట్లో ఉన్నట్టుండేది. నోట్లో నిప్పు ఉన్నంతసేపు మామ్మ మాట్లాడదు, తల మాత్రం ఊపుతుంది. చుట్ట బయటికి తీసిందంటే ప్రశ్న వస్తోందని అర్థం. అది చూడగానే నా చేతిలో సుద్దముక్క ఆగిపోయేది.

ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఎవరి తాలూకు అని. కొత్తగా వచ్చిన ఆఫీసరైనా, ఊళ్ళోకి వచ్చిన జీపైనా, ఎవరి తాలూకో తెలిస్తే గానీ ఆవిడకు ఊపిరాడేది కాదు. చెట్టుకూ చేమకూ చుట్టరికం కలిపేసేది. కాఫీ మొక్క ఆవిడకు కొత్త కోడలు, నీడలో ఉంచి చూసుకోవాలి. మిరియం తీగ ఇల్లరికపు అల్లుడు, ఇంకొకరి చెట్టు ఎక్కి కూర్చుంటాడు. కొండల్లోంచి ఇనుప ఖనిజం మోసుకుపోయే గూడ్సు బండి సొరంగంలో కూసినప్పుడల్లా, "అదిగో పెద్దల్లుడు, ఏటో ఒకటి పట్టుకుపోకపోతే ఆడికి నిద్ర పట్టదు" అనేది. నేను నవ్వితే తనూ నవ్వేది గానీ, మాట వెనక్కి తీసుకునేది కాదు.

అలాంటి మనిషి వినేలా నేను సముద్రాల పాఠం చెప్పాను. తప్పు నాది కాదు, సిలబస్ ప్రకారం ఆ వారం అదే రావాలి.

నిర్వచనం చెప్పడం ఇంకా పూర్తి కాలేదు, కిటికీలో చుట్ట బయటికొచ్చింది.

"సముద్రాలెన్ని టీచరమ్మా?"

పిల్లలు నవ్వారు. నేను వాళ్ళను గదిమి, "చాలా ఉన్నాయి మామ్మా. మహాసముద్రాలు అయిదు. సముద్రాలు వాటిలో భాగాలు" అన్నాను.

"అంటే ఉమ్మడి ఇల్లు పెద్దది, అన్నదమ్ముల వాటాలు ఏరేరు."

"అలాగే అనుకో."

"మజ్జిన గోడలున్నాయేటి?"

"లేవు. నీళ్ళన్నీ కలిసే ఉంటాయి. నేల చుట్టుకుని వచ్చిన చోట ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకున్నాం."

"అయితే పొయ్యి ఒకటే" అని తృప్తిగా తల ఊపింది.

చుట్టూ నేలే ఉండి ఏ మహాసముద్రంతోనూ కలవని కాస్పియన్ సముద్రం సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆవిడ ముఖం వాడిపోయింది. "ఆడికి ఎవురూ లేరేటి? పాపం" అంది. ఆ తర్వాత చాలా రోజులు నేను బడికి రాగానే, "ఆ ఒంటరోడు ఎలాగున్నాడు?" అని అడిగేది. బాగానే ఉన్నాడని చెప్పేదాన్ని. ఇంకేం చెప్పను?

మధ్యాహ్నం గ్లోబు తీసుకుని వరండాలోకి వెళ్ళాను, ఎటూ అడగక మానదని. సముద్రం ఎక్కడుంటుందో చూపించమంది. ఈ నీలంగా ఉన్నదంతా సముద్రమేనని గ్లోబు తిప్పి చూపించాను. మనమెక్కడ ఉన్నామో చూపించమంది. వేలు పెట్టి చూపించాను. మిరియాల మీద ఈగలు తోలుతూ చాలాసేపు చూసింది.

"నాను సముద్రం ఎక్కడో దూరంగా ఉందనుకున్నాను. మనవే దాని పెరట్లో ఉన్నాం" అంది.

అప్పుడు అసలు సంగతి అడిగింది. "మా గెడ్డ ఏ ఇంటికెల్లింది?"

ఆవిడ అలా అడగడం వెనక ఒక బెంగ ఉంది. వాళ్ళ ఊరు బడికి పైన, కొండ పక్క మీద ఉంటుంది. ఊరికి నీళ్ళంటే పనసచెట్ల కింద రాళ్ళలోంచి వచ్చే ఒక ఊట. అదే కిందికి దిగి వాగవుతుంది, దాన్నే గెడ్డ అంటారు. వరసగా రెండు వేసవులు ఆ ఊట సన్నబడి చుక్కలు చుక్కలుగా వచ్చింది. ఆడవాళ్ళు బిందెలతో రైలు పట్టాల దాకా దిగి ఎక్కుతున్నారు. వచ్చే వేసవికి ఊట పూర్తిగా ఆరిపోతే ఊరు ఖాళీ చేసి రోడ్డు పక్క కాలనీకి దిగిపోదామని పెద్దలు మాట్లాడుకున్నారు. ఇంత మాట్లాడుకున్నా మామ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఊరికి కోడలిగా వచ్చిన మర్నాటి నుంచి రోజూ తెల్లారేసరికి వెళ్ళి ఊటలో రాలిన ఆకులు తీసే మనిషి ఆవిడ. ఆవిడకు ఒక్క కొడుకే, ఆడపిల్లలు పుట్టలేదు. "ఊటే నా ఆడపిల్ల" అనేది. ఊరు ఆ మాటకు నవ్వుకునేది.

నేను మ్యాపు మీద దారి చూపించాను. గెడ్డ కిందికి దిగి గోస్తనిలో కలుస్తుంది. గోస్తని బొర్రా గుహల మీదుగా వచ్చి తాటిపూడి జలాశయంలోకి వెళుతుంది.

"అక్కడ ఆగిపోతాదేటి?"

"కొన్నాళ్ళు ఆగుతుంది. ఆనకట్ట కట్టారు."

"దారిలో సుట్టాలింట్లో ఉంటాదన్నమాట. మరి?"

"మరి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అది బంగాళాఖాతం. హిందూ మహాసముద్రం తాలూకు."

తాలూకు అనే మాట వినగానే ఆవిడకు అంతా అర్థమైపోయింది. ఊరూ పేరూ దొరికాయి, పెద్దింటి సంబంధమని తేలింది. చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది.

"ఇన్నాళ్ళైంది కదా గుంట అత్తోరింటికెల్లి. పుట్టింటి నుంచి ఎవురైనా ఎల్లి పిలిచారేటి?"

గుంట అంటే ఆ వైపు ఆడపిల్ల. వాళ్ళ ఊళ్ళో ఆడపిల్ల తనంతట తాను పండక్కి రాదు. కొత్త పంట ఇంటికి రాగానే, తల్లో అన్నో కొత్త గింజలూ పసుపూ గాజులూ తట్టలో పెట్టుకుని అత్తవారింటికి వెళ్ళి పిలవాలి. పిలవకపోతే పిల్ల మొహం చాటేస్తుంది, అది ఆ పిల్ల తప్పు కాదు. తరాల తరబడి ఊట కిందికి పోతూనే ఉంది. ఒక్కరూ వెళ్ళి పిలిచిన పాపాన పోలేదు. అందుకే అలిగిందని మామ్మ తేల్చేసింది.

దసరా సెలవులకు నేను ఇంటికి బయలుదేరుతుంటే ఆవిడ తట్టతో రోడ్డు మీద నిలబడి ఉంది, నాతో భీమిలి వస్తానని. తట్టలో కొత్త కొర్రలు, పసుపు కొమ్ములు, ఆకుపచ్చ గాజులు, జాకెట్టు గుడ్డ. వెనక కొడుకు నవ్వు ఆపుకుంటున్నాడు. ఊరి పెద్ద కూడా వచ్చాడు, ఆయనకు మామ్మ వరసకు పిన్ని. "పిన్నీ, మీ వియ్యపురాలికి నా దణ్ణాలు సెప్పు" అన్నాడు. ఆవిడ సరేనంది, ఆయన వెక్కిరించాడని తెలిసి కూడా. నేనైతే ఊరుకునేదాన్ని కాదు.

జీపులో శృంగవరపుకోట దిగి, బస్సులు మారి భీమిలి చేరేసరికి మధ్యాహ్నమైంది. గోస్తని సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్ళాను. సముద్రాన్ని మొదటిసారి చూసినవాళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసు. నోరు తెరుస్తారు, లేకపోతే పరుగెత్తుతారు. మామ్మ ఆ రెండూ చెయ్యలేదు. కొంగు నిండుగా కప్పుకుని, కొంచెం దూరంలో ఇసుక మీద మర్యాదగా కూర్చుంది.

"ఇల్లు పెద్దదే" అంది. కాసేపయ్యాక, "సందడి ఎక్కువ. ఈ గోలలో మా గుంట మాట ఎవురికి ఇనబడతాది?" అంది.

దగ్గరికి వెళ్దాం రమ్మన్నాను. కదలలేదు. వియ్యాలవారింటికి వచ్చి, వాళ్ళు కాళ్ళకు నీళ్ళివ్వకుండా గుమ్మం ఎక్కుతామా అని నన్నే కోప్పడింది. ఎండ మాడుతోంది. నాకు ఇంటికి చేరాలన్న ఆత్రం, బస్సు దొరకదన్న భయం. ఇక్కడెవరు నీళ్ళిస్తారు మామ్మా అని విసుక్కున్నాను కూడా. ఆవిడ వినలేదు, అలాగే కూర్చుంది. పోటు వచ్చే వేళ అయినట్టుంది, ఒక అల మిగతావాటికంటే ముందుకొచ్చి ఆవిడ పాదాలు తడిపి వెళ్ళింది.

మామ్మ నా వైపు చూసింది. ఆ చూపులో గొప్ప లేదు, నాకు మర్యాద నేర్పుతున్న ఓపిక ఉంది. లేచి తట్ట నెత్తిన పెట్టుకుని నీళ్ళ దాకా నడిచింది. వంగి దోసిలితో తీసుకుని నోట్లో పోసుకుని, వెంటనే ఉమ్మేసింది.

"ఒలమ్మా, ఇంత ఉప్పేటి? ఈ కూడు తిని ఎలాగ బతుకుతాంది మా గుంట?"

అప్పటిదాకా లోలోపల నవ్వుకుంటున్న నాకు ఒక్కసారిగా నవ్వు పోయింది. ఆవిడ కళ్ళల్లో నిజంగా నీళ్ళు తిరిగాయి. ఏ తల్లి అయినా కూతురి అత్తవారింట్లో వంట రుచి చూసి పడే బాధ అది.

తర్వాత కొంగు సర్దుకుని సముద్రంతో మాట్లాడింది. వియ్యపురాలితో మాట్లాడినట్టే, గొంతు పెంచకుండా, వినయంగా, కొంచెం నిష్ఠూరంగా.

"ఒదినా, నీకు కోడళ్ళకి లోటేటి? అన్ని కొండల నుంచీ వచ్చారు. మా గుంటని ఒక్కపాలి పంపించు. మేం దాన్ని ఉంచేసుకోం. మళ్ళీ దింపేత్తాం. నాను మాటిత్తన్నాను."

తట్టలోవి నీళ్ళలో వదిలింది. అల వాటిని తెచ్చి ఒడ్డున పడేసింది. మళ్ళీ వదిలింది. జాకెట్టు గుడ్డ మళ్ళీ ఒడ్డుకే వచ్చింది. మామ్మ ముఖం పాలిపోయింది. సారె తిప్పి పంపడమంటే ఎంత అవమానమో నాకూ తెలుసు. 

పక్కనే ఇసుకలో చేపలు ఎండబెడుతున్న ఒకావిడ ఇదంతా చూస్తోంది. దగ్గరకొచ్చి, "ఎవురికి మామ్మా సారె?" అని అడిగింది. మామ్మ చెప్పింది, మొదటి నుంచి చివరిదాకా, ఊట సంగతీ పిలవని సంగతీ. ఆవిడ నవ్వుతుందేమోనని నేను బెదిరాను. నవ్వలేదు.

"ఒడ్డున పెడితే ఇంతే, గంగమ్మ ఉంచుకోదు. ఆ అలలు దాటి లోపలికెల్లి ఇవ్వాల. ఇటియ్యి, మా ఆయన రేపు ఏటకెల్లినప్పుడు ఇచ్చేత్తాడు" అని గాజులూ గుడ్డా ఏరి తన తట్టలో వేసుకుంది. వెళ్ళేటప్పుడు ఒక పొట్లాం ఎండు నెత్తళ్ళు మామ్మ చేతిలో పెట్టింది. ఆవిడను వెనక్కి దిగబెట్టడానికి ఎక్కిన తిరుగు బస్సులో ఆ పొట్లాం వాసనకు ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగాడు. "వియ్యాలోరు ఒట్టి సేతుల్తో పంపలేదు" అని మామ్మ ఆయనకే చెప్పింది.

పండగ వచ్చింది, వెళ్ళింది. ఊట అలాగే సన్నగా ఉంది. ఊరి పెద్ద ఎదురైనప్పుడల్లా, "కబురేటైనా వచ్చిందేటి పిన్నీ?" అని అడిగేవాడు. మామ్మ చుట్ట నోట్లోంచి తీసేది కాదు. ఆ రోజుల్లో ఆవిడ వరండాకు రావడం కూడా తగ్గించింది. మిరియాలు లేని వరండా నాకు బోసిగా అనిపించేది. ఆవిడను అక్కడికి తీసుకెళ్ళి ఆశ పెట్టానేమోనని మనసు పీకేది.

తర్వాత తుపాను వచ్చింది. బంగాళాఖాతంలో పుట్టి మా కొండల మీదికే వచ్చింది. రాత్రీ పగలూ తెరిపివ్వకుండా కురిసింది. కొండచరియ విరిగి పట్టాల మీద పడి రైళ్ళు ఆగాయి, సిల్వర్ ఓక్ చెట్లు కూలాయి, బడికి సెలవిచ్చారు. వాన వెలిశాక ఊళ్ళోకి వెళ్ళి చూస్తే పనసచెట్ల కింద ఊట రాళ్ళను తోసుకుని గట్టిగా పారుతోంది. మామ్మ దాని పక్కన తడి రాయి మీద కూర్చుని ఉంది.

"రమ్మంటే ఒక్కతీ వచ్చిందేటి? అత్తింటోళ్ళందరినీ తోలుకొచ్చేసింది" అంది. కోపంగా అనాలని చూసింది గానీ, ముఖం నిండా సంతోషమే.

నేను టీచరును కదా, ఊరుకోలేక సముద్రం మీద నీరు ఆవిరై, మేఘమై, కొండను తాకి వానవుతుందని చెప్పాను. శ్రద్ధగా వింది. "ఓహో, మబ్బు బండెక్కి వత్తాదన్నమాట. అందుకే ఆలీసమైంది" అని పండగకు రాలేకపోయిన కూతురిని క్షమించింది.

ఆ వేసవిలో ఊట ఆరలేదు. సన్నగానే వచ్చింది, కానీ ఆగలేదు. ఊరు దిగిపోయే మాటను పెద్దలు పక్కన పెట్టారు. కొన్నాళ్ళకు ఒక ఇంజనీరు వచ్చి ఊట చుట్టూ సిమెంటు తొట్టి కట్టిస్తానంటే, మామ్మ అడ్డంగా కూర్చుని కిందికి ఒక తూము ఉంచితే గానీ ఒప్పుకోనంది. మళ్ళీ దింపుతానని మాటిచ్చాను, నన్ను అబద్ధాలకోరును చెయ్యకండి అంది. తూము పెట్టారు. ఏటేటా దసరాకు ఆవిడ తట్ట సర్దుకునేది. నేను బదిలీ అయ్యేదాకా నేనే తీసుకెళ్ళాను, తర్వాత కొడుకు తీసుకెళ్ళాడు. భీమిలి ఒడ్డున చేపలావిడ ఎదురుచూస్తూ ఉండేదట.

పోయిన మే నెలలో కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది టీచరమ్మా" అన్నాడు. తెల్లవారుజామునే బయలుదేరి వెళ్ళాను.

నేను చేరేసరికి ఎండ ఎక్కింది. ఆకుల పందిరి కింద చాప మీద మామ్మను పడుకోబెట్టారు. స్నానం చేయించి పసుపు రాశారు. వెదురు పాడె కట్టి పక్కన పెట్టారు, డప్పులవాళ్ళు కూర్చుని ఉన్నారు. అన్నీ సిద్ధంగా ఉన్నా ఎవరూ కదలడం లేదు. ఆ ఊళ్ళో ఆడమనిషి పోతే కూతురు వచ్చి నోట్లో నీళ్ళు పొయ్యందే శవాన్ని లేపరు. కూతురు ఎంత దూరంలో ఉన్నా ఆగుతారు. కానీ మామ్మకు కూతుళ్ళు లేరు. ఎవరి కోసం చూస్తున్నారని ఊరి పెద్దను అడిగాను.

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఆడపిల్ల రావాల కదా టీచరమ్మా. పిన్ని కోడల్ని ఊట కాడికి పంపేను" అన్నాడు.

నేను పనసచెట్ల వైపు నడిచాను. మే నెల. తొట్టిలో అడుగున కూడా నీళ్ళు లేవు. రాళ్ళ సందులోంచి దారంలా ఒక ధార జారుతోంది. కోడలు దాని కింద ఇత్తడి బిందె పెట్టి, గొంతుక్కూర్చుని చూస్తోంది. ముంచుకోవడానికి లేదు, పడింది పడినట్టే పట్టుకోవాలి. బిందె సగం కూడా నిండలేదు. సగంతో వెళ్ళిపోదామని ఆమె అనలేదు, నేనూ అనలేదు. పక్కనే కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

నిండిన బిందెను కోడలు చంకనెత్తుకునేసరికి పొద్దు నడినెత్తి దాటింది. పట్నం నుంచి వచ్చిన బంధువొకాయన ఇంకెంతసేపని విసుక్కుంటున్నాడు. ఊరి పెద్ద ఆయన్ను వారించాడు. "దూరం నుంచి రావాల బాబూ. బేగి రమ్మంటే వత్తాదేటి?" అన్నాడు. ఆయన గొంతులో వెక్కిరింపు లేదు.

బిందె వాకిట్లోకి రాగానే జనం రెండు పక్కలకు తప్పుకుని దారిచ్చారు. అప్పటిదాకా నిశ్శబ్దంగా కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా గొంతెత్తారు. అది కూతురు పుట్టింటి వాకిట్లో అడుగు పెట్టినప్పుడు ఏడ్చే ఏడుపు. కోడలు బిందె మామ్మ తల దగ్గర దించి, దోసిలితో నీళ్ళు తీసి ఆవిడ పెదాల మీద పోసింది. ఊరి పెద్ద పాడె వైపు తిరిగాడు.

"కూతురొచ్చింది. ఇంక ఎత్తండి" అన్నాడు.